ఆరు సెకన్ల మంత్రం

మా ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ అతను గడియారం. నేను ఆన్‌లైన్ ఆటలో మనుషులకు బట్టలూ కత్తులూ గీసేదాన్ని. అతనిది నా పక్క కుర్చీ. ఆటలో ఒకడు కత్తి విసిరితే, మళ్లీ విసరడానికి ఎంతసేపు ఆగాలి? డాలు ఒకసారి అడ్డం పెడితే మళ్లీ ఎప్పుడు పెట్టొచ్చు? ఆ విరామాలను సరితూచడమే అతని ఉద్యోగం. రెండు వందల పద్నాలుగు ఎత్తులు, ఒక్కోదానికి ఒక్కో అంకె. అర సెకను తగ్గిస్తే ఒక రకం వీరులు మిగతావాళ్లను చితకబాదేస్తారు. అర సెకను పెంచితే వాళ్లను ఎవరూ ఎంచుకోరు. లిఫ్టు తలుపు మూసుకోవడానికి నాలుగున్నర సెకన్లు పడుతుందని చెప్పి, మా అందరి చేతా లెక్కపెట్టించిన ఘనుడు.

అతని అక్క అతని దగ్గరే ఉండేది. ఇరవై రెండేళ్లు టైపిస్టుగా చేసింది. ఆమె కొట్టిన కాగితంలో తప్పు కనిపిస్తే పై అధికారి మొదట తన కళ్లద్దాలే తుడుచుకునేవాడట. తర్వాత నరాల జబ్బు వచ్చింది. వేళ్లు ఒక్కొక్కటే మాట వినడం మానేశాయి. చివరికి కుడిచేతి రెండు వేళ్లు మిగిలాయి, అవీ మెల్లగా కదిలేవి. ఉద్యోగం మానేశాక ఇంట్లో పొద్దుపోక, తమ్ముడు చేసే ఆట తెరిచింది. వైద్యం చేసే పాత్ర ఎంచుకుంది. ఆ పాత్రకు గాయాలు మాన్పే మంత్రం ఒకటి ఉంది. ఒకసారి వేస్తే మళ్లీ ఆరు సెకన్ల దాకా పనిచేయదు. ఆ అంకె ఆమె జబ్బు పడకముందే అతను పెట్టింది. ఆ ఆరు సెకన్లలో ఆమె వేలు ఎత్తి, చూసుకుని, మళ్లీ కీబోర్డు మీద దించగలిగేది. ఎనిమిది మంది జట్టులో చేరింది. ఆమె ముఖం ఎరగని వాళ్లు ఆమెను డాక్టరమ్మ అనేవారు. ఆమె లేకుండా ఆటలో శత్రువుల కోట మీదికి వెళ్లేవారు కాదు.

మూడేళ్లు అలా గడిచింది. ఆ తర్వాత ఆడేవాళ్లు తగ్గడం మొదలైంది. మన ఆట నత్తనడక నడుస్తోందనీ, విరామాలన్నీ మూడో వంతుకు దించమనీ మేనేజరు చెప్పాడు. మంత్రం ఇక రెండు సెకన్లకోసారి వేయొచ్చు, కానీ ఒక్కోసారికి మూడో వంతు గాయమే మానుతుంది. గడియారం రెండు వారాలు పట్టు విడవలేదు. పట్టికలు చూపించాడు, పాత ఆటగాళ్లు వెళ్లిపోతారన్నాడు. ఎప్పుడూ నోరు మెదపని మనిషి వాదించడం చూసి మేనేజరే పక్కకు పిలిచి కారణం అడిగాడు. అక్క సంగతీ, ఆమె వేలికి రెండు సెకన్లు చాలవన్న సంగతీ అప్పుడు చెప్పాడు.

మేనేజరు చెడ్డవాడు కాడు. ఆట బతికుంటేనే కదా మీ అక్కయ్య ఆడేది అన్నాడట. అయినా ఒక దారి ఇచ్చాడు. కావాలన్నవాళ్లకు ఆ ఒక్క మంత్రం పాత పద్ధతిలోనే ఉంచమన్నాడు.

ఉంచాడు. అది నాలుగు రోజులే నిలిచింది. చురుకైన ఆటగాళ్లు కిటుకు పట్టేశారు. ఆ వైద్యం చేసే పాత్రనే ఎంచుకుని, కత్తులన్నీ కొత్త వేగంతో విసురుతూ, చావు దగ్గరపడగానే ఈ పెద్ద మంత్రం ఒకసారి వేసుకుంటే వాళ్లను ఓడించడం ఎవరి తరమూ కాలేదు. ఒకరితో ఒకరు తలపడే పోరుల్లో పదికి తొమ్మిది వాళ్లవే. తిట్లు గుట్టలుగా వచ్చిపడ్డాయి. నాలుగో రోజు మధ్యాహ్నమంతా గడియారం అంకెలు మారుస్తూనే ఉన్నాడు. విరామం తొమ్మిదికి పెంచాడు, మంత్రం బలం తగ్గించాడు. ఏం చేసినా ఏదో ఒక పక్క ఒరిగిపోయేది. అవసరమైనవాళ్లకు మాత్రమే ఇస్తే పోలేదా అన్నాను. ఎవరికి అవసరమో ఎవరు తేలుస్తారని అడిగాడు.

సాయంత్రం, మేనేజరు చెప్పకముందే, పాత మంత్రం ఉన్న వరుసను పట్టికలోంచి తనే చెరిపేశాడు.

"ఇది అన్యాయంగా ఉంది. ఇంకొకళ్లు పెట్టుంటే తీసేయమని నేనే గొడవపడేవాణ్ని" అన్నాడు నాతో.

ఆ వారం అక్క జట్టు కోట దగ్గర పదకొండుసార్లు ఓడింది. ఒకే చోట, ఒకే కారణానికి. జట్టు నాయకుడు చాలా మర్యాదగా రాశాడు: డాక్టరమ్మగారూ, ఈ వారం మీరు విశ్రాంతి తీసుకోండి, పై వారం చూద్దాం. పై వారమూ అదే రాశాడు. మూడో వారం ఏమీ రాయలేదు.

అప్పుడు అక్క అడిగిన మాటలు గడియారం నాకు క్యాంటీన్లో చెప్పాడు, పళ్లెంలోకి చూస్తూ.

"ఆ అంకె మార్చింది నువ్వేనా?"

"నేనేనక్కా."

"లెక్క సరిగ్గా చేశావా?"

"సరిగ్గానే చేశాను."

"మరింకేం. తప్పు లేనిచోట ఏం దిద్దుతావు?"

నాలుగు తిట్టినా బాగుండేదన్నాడు.

వేగం పెంచాక ఒక నెల కొత్తవాళ్లు వచ్చారు, తర్వాత వాళ్లూ పోయారు. ఏడాది తిరక్కుండానే ఆట మూసేశారు. మమ్మల్ని ఇంకో ఆటకు మార్చారు. అక్కడా అతనిది అదే పని.

ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆమె ఆడుకునే బల్ల మీద ఇప్పుడు మడతపెట్టిన బట్టలున్నాయి. చేతులు రెండూ ఒళ్లో ఎలా పెడితే అలా ఉన్నాయి. గడియారం టీ కప్పు ఆమె పెదవులకు ఆనించి, గుటక పడేదాకా ఆగి, మళ్లీ ఆనించేవాడు. కొత్త ఆట గురించి అడిగింది. నేను గీస్తున్న గుర్రాల గురించి చెప్పాను. శ్రద్ధగా విని, ఊరికే చూడ్డానికైనా బాగుంటుందా అంది. బాగుంటుందన్నాను. ఎప్పుడైనా పెట్టి చూపించమని తమ్ముడికి చెప్పింది. అతను సరేనన్నాడు.

"మూడు నెలలుగా ఇలాగే సరేనంటున్నాడమ్మా వీడు" అంది నాతో, టీ చాలన్నట్టు తల పక్కకు తిప్పుకుని.