పక్క మంచం తాళంచెవి

కాక పడిపోయిన సంగతి మాకు రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. మంచిర్యాల బస్టాండులో చాయ్ అమ్మే ఆయన మా ఊరి మీదుగా పోయే బస్సు కండక్టరుకు చెప్పాడు. కండక్టరు మా స్టేజీ దగ్గర బస్సాపి నన్ను పిలిచాడు. "గొంగళ్ళు అమ్మే పెద్దమనిషి మీ ఊరాయనేనా? బస్టాండ్ల పడిపోయిండట. దవాఖానల ఏసిండ్రట." నేను పోయేసరికి అంతా అయిపోయింది. ఆ దవాఖానలో ఉన్నన్నాళ్ళు కాక పేరు వేరే ఉంది. ఆ పేరు నాకు అంతకు ముందే తెలుసు. ఎట్లా తెలుసో చెప్పాలంటే కొన్నేళ్ళు వెనక్కి పోవాలి.

కాక మాకు రక్తసంబంధం కాదు. పక్కింటాయన. మా రెండిళ్ళకు నడుమ ఒకటే గోడ. ఆయనకు, చిన్నవ్వకు పిల్లలు లేరు. గొర్లు ఉండేవి. మందను దొడ్లోకి తోలేటప్పుడు ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. దడి దగ్గర నిలబడి ఒక్కసారి చూసేవాడు. "నల్లచెవుల దాని పిల్ల రాలే" అని వచ్చిన తోవనే తిరిగి పోయేవాడు. ఎట్లా తెలుస్తుందని అడిగితే, "ఉన్నయి కానరావు కొడుకా. లేనిదే ముందుగాల కండ్లవడుతది" అనేవాడు.

ఒకనాడు చిన్నవ్వకు కడుపులో పేగు పగిలింది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాం. సర్కారు కార్డు ఉంది గాని అందులో ఆమె పేరు తప్పుగా పడింది. చెల్లదన్నారు. పేరు సరిచేయించుకుని వచ్చేదాకా మనిషి ఆగదని డాక్టరు చెప్పాడు. కాక ఆ రోజే సగం మంద అమ్మేశాడు. ప్రాణం మీదికి వచ్చినవాడు బేరమాడడని గొర్లు కొనేవానికి బాగా తెలుసు.

చిన్నవ్వ మంచం పక్కన ఆకుపచ్చ తెర, తెర అవతల ఇంకో మంచం. ఎవరో గుద్దిపోతే రోడ్డు మీది నుంచి అంబులెన్సువాళ్ళు తెచ్చినాయన. ముఖమంతా కట్లు. ఆయన కోసం ఎవరూ రాలేదు. మూడోనాడు పొద్దున చూస్తే మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మార్చారు.

చిన్నవ్వను ఇంటికి పంపే రోజున కాక బిల్లు నా చేతికిచ్చి చదవమన్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. ఒక చోట ఆగిపోయాను. కౌంటరు దగ్గరికి పోయి అడిగాను.

"అన్నా, కాలుకు సిమెంటు పట్టి అని ఉంది. మా చిన్నవ్వకు కాలు ఇరగలే."

కౌంటరాయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. "మంచం నంబరు తప్పు పడ్డట్టుంది."

"మరి తీసెయ్యుండ్రి."

"తీసేసి యాడ పెట్టాలె?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "రోడ్డు మీద పడ్డోణ్ణి తెస్తరు. చూడకుంటే కేసు. చూస్తే ఖర్చు. సచ్చినంక ఎవలన్న అచ్చి కడ్తరా? ఎక్కడో ఒక తాన పడాలె గదన్నా. దవాఖాన ఏమన్న నోట్లు అచ్చేస్తదా?"

కాక నా వెనక నిలబడి అంతా విన్నాడు. పక్క మంచం ఆయనది తన మీద ఎంత పడిందని అడిగాడు. చెప్పాను. కొద్దిసేపు నేలకేసి చూసి, "నాలుగు గొర్లు" అన్నాడు. నేను కొట్లాడదామన్నాను. కట్టకపోతే చిన్నవ్వను కిందికి దించరు. కట్టేశాం. కదిలే ముందు కాక ఒక్క మాట అడిగాడు.

"ఆయన పేరేంది సారూ?"

కౌంటరాయన రిజిస్టరు చూసి "అన్‌నోన్" అన్నాడు.

"అనోను" అని కాక లోలోపల అనుకున్నాడు. మెట్లు దిగుతూ నన్ను అడిగాడు. "ఏ దిక్కు పేరు కొడుకా గిది? ఆదిలాబాద్ అవతల మరాఠోళ్ళ పేరా?"

అప్పుడే చెప్పాల్సింది. బిల్లు చదివి ఆయనకు ఒక శవాన్ని అంటగట్టినవాణ్ణి నేనే. అది పేరు కాదని కూడా నేనే చెప్పాలా అనిపించి ఊరుకున్నాను.

ఇంటికి వచ్చి దవాఖాన మూట విప్పితే అందులో మాది కాని కవరు ఒకటి ఉంది. ఎడమ కాలి చెప్పు, దువ్వెన, నల్లదారానికి కట్టిన తాళంచెవి. బిల్లు మాతో కలిపినవాళ్ళు సామాను కూడా కలిపేశారు. చిన్నవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఆ తాళంచెవిని చాలాసేపు చూసింది.

"గాయన ఒకటే మాట అంటుండె" అంది. "తెర అవతలి నుంచి. నాకు మత్తుల కూడా ఇనవడ్డది. 'తలుపు తియ్యుండ్రి, తలుపు తియ్యుండ్రి' అని."

కాక చేతిలో చాయ్ ఉంది. తాగకుండా గ్లాసు కింద పెట్టాడు.

మర్నాడు ఆ కవరు పట్టుకుని కరీంనగర్ పోయాం. దవాఖానవాళ్ళు పోలీసులను అడగమన్నారు. పోలీసులు, ఎవరూ రాకపోతే శవాన్ని పూడ్చేశామని, కాగితం మూసేశామని చెప్పారు. "చెవి నువ్వే ఉంచుకో తాతా, మాకేం పని" అన్నాడు జవాను. తిరుగు బస్సులో నేను కాకకు నచ్చజెప్పబోయాను.

"తాళమేసి పోయిండంటే లోపట ఎవ్వలు లేరనే కదా కాకా."

"మా అవ్వకు మతి పోయినప్పుడు నేను తాళమేసే గొర్లకాడికి పోయేటోణ్ణి" అన్నాడు. "ఇడిసిపెడితే బాయిల పడుతదని. ఎవలన్న వాకిట్లకెల్లి పోతే అవ్వ లోపట్నుంచి గా మాటే అంటుండె."

బస్సు దిగేదాకా కాక ఆ తాళంచెవిని గుప్పిట్లోనే పట్టుకున్నాడు.

ఆ తర్వాత కాక మిగిలిన సగం మందను కూడా వదిలించుకుని గొంగళ్ళ వ్యాపారం పెట్టుకున్నాడు. నేతగాళ్ళ దగ్గర తెచ్చి, భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. గొంగళ్ళు కొనేవాళ్ళు ఈ రోజుల్లో ఎందరుంటారు? అయినా పోయేవాడు. హుస్నాబాద్ అంగడి, శ్రీరాంపూర్ దిక్కు ఊళ్ళు, బాసరకు పోయే తోవ. తాళం వేసిన ఇల్లు కనబడితే ముందు దగ్గేవాడు. తర్వాత ఇరుగుపొరుగును అడిగేవాడు. "గీ ఇంటాయన యాడికి పోయిండు? ఎప్పుడస్తడు?" దుబాయి పోయాడనో, కూతురింట్లో ఉన్నాడనో చెబితే ముందుకు నడిచేవాడు. తెలియదంటే అంగి లోపలి నుంచి తాళంచెవి తీసేవాడు.

హుస్నాబాద్‌లో ఒక షావుకారి పట్టుకున్నాడు. "ఏం ముసలోడా, పట్టపగలే?"

"దొంగనైతే నీ తాళం ఇరగ్గొడుతుంటి" అన్నాడట కాక. "నేను దాన్ని అడుగుతున్న."

షావుకారి నవ్వి ఒక గొంగడి కొన్నాడట. ఊళ్ళో కూడా నవ్వేవాళ్ళు. "కాకా, మా బీరువా చెవి పోయింది, జర నీది పెట్టి చూడరాదు?" అని మంగలాయన ఒకసారి ఎగతాళి చేశాడు. కాక నిజంగానే పోయి పెట్టి చూశాడు. "కాదు" అని చెప్పి వచ్చాడు. ఆ తర్వాత మంగలాయన మళ్ళీ నవ్వలేదు.

పెత్రమాస అమావాస్య నాడు చనిపోయిన పెద్దల పేరున బియ్యమిచ్చేటప్పుడు కాక చాటలో రెండు కుప్పలు పోసేవాడు. మొదటిది తన తల్లిదండ్రులకు. రెండోదాని దగ్గర అయ్యగారు ఆగేవాడు.

"పేరు?"

"అనోను."

"గోత్రం?"

"తెల్వదు."

"నీకేమైతడు?"

"నాలుగు గొర్లు కట్టిన" అనేవాడు కాక. "పైస కట్టినంక సుట్టం కాడా అయ్యగారూ?"

అయ్యగారికి ఆ బంధుత్వం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. బియ్యం మాత్రం తీసుకునేవాడు. ఒక ఏడు నేను ధైర్యం చేసి కాకకు చెప్పేశాను. అది పేరు కాదు, తెలియదు అనే మాటకు ఇంగ్లీషని. ఆయన తల కూడా ఎత్తలేదు. "నాకెరికే కొడుకా. పిలువనీకె ఏదో ఒకటి ఉండాలె గద" అన్నాడు.

దవాఖానల్లో దిక్కులేనివాళ్ళకు ఎవరు కడతారని ఎవరైనా నన్నడిగితే సర్కారు అని, దాతలు అని పెద్ద మాటలు నేను చెప్పలేను. నేను చూసింది ఒక్కటే. పక్క మంచం వాళ్ళు కడతారు. చాలామందికి కట్టినట్టు కూడా తెలియదు. కాకకు తెలిసింది. తెలిశాక ఊరుకోలేకపోయాడు.

చిన్నవ్వ చనిపోయిన ఏడు కాక శ్రీరాంపూర్ దిక్కు పోయి వారం దాకా రాలేదు. వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ అరుగు దాటి లోపలికి వచ్చేవాడు కాదు.

"ఒక తాన తిరిగింది" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. "తాళమా? తీసినవా?"

"తాళం ఊడి చేతులకచ్చింది. తలుపు నూకిన. రాలే."

"తుప్పు పట్టిందేమో."

"కాదు కొడుకా. నేను బయట తాళం తీస్తుంటే, లోపట ఎవలో గొళ్ళెం పెట్టుకున్న సప్పుడు అచ్చింది."

పిల్లి కావచ్చు, ఎలుకలు కావచ్చు అన్నాను. ఆ ఇంటికి వెనక ఇంకో తలుపు ఉందేమో అన్నాను. కాక అన్నిటికీ తలూపాడు. "మల్ల తాళమేసి అచ్చిన" అన్నాడు. "తెల్వనోణ్ణి చూస్తే భయపడుతది గద. నెమ్మదిగ అలవాటు కావాలె." ఏ ఊరో అడిగితే చెప్పలేదు. చెబితే మనుషులు పోయి తలుపు పగలగొడతారని ఆయన భయం.

అప్పటి నుంచి మిగతా తాళాల జోలికి పోవడం మానేశాడు. ప్రతి చలికాలం ఒక గొంగడి మాత్రం పక్కకు పెట్టి తీసుకుపోయేవాడు. అది లేకుండా వట్టి చేతులతో తిరిగి వచ్చేవాడు. గడప మీద పెట్టి వస్తానని ఒకసారి అన్నాడు. "మల్ల ఏడు పోతే ఉండదు" అని కూడా అన్నాడు. ఎవరైనా ఎత్తుకుపోతారు కదా అని నేను అనుకున్నాను. ఇప్పటికీ అట్లాగే అనుకుంటాను.

కండక్టరు చెప్పిన నాడు మంచిర్యాలలో చాయ్ ఆయన నాతో దవాఖాన దాకా వచ్చాడు. "భుజం మీద ఒకటే గొంగడి ఉండె భాయ్. ఎంతకిస్తవ్ తాతా అని అడిగిన. గిది అమ్మేది కాదు, ఇచ్చేదన్నడు. చాయ్ చేతికిచ్చే లోపట పడిపోయిండు." కాక దగ్గర ఫోను ఉండేది కాదు. ఊరు పేరు చాయ్ ఆయనకు ఒక్కనికే తెలుసు. దవాఖానలో చెబుదామని పోతే, సుట్టమైతేనే లోపలికి పంపుతామన్నారట. అందుకని కండక్టరు కోసం చూశాడు.

శవాల గదిలో కాకను ఆ గొంగడితోనే కప్పి ఉంచారు. కాలి బొటనవేలికి చీటీ కట్టారు. దాని మీద ఇంగ్లీషులో ఉన్న పేరును కూడబలుక్కోవాల్సిన పని లేకపోయింది. ఏళ్ళ తరబడి పెత్రమాసకు వింటున్న పేరే.

కౌంటరు దగ్గర ఎంతయిందని అడిగాను.

"ఏం లేదు. సంతకం పెట్టి తీసుకపోండ్రి."

"రెండు రోజులు సూదులు, మందులు, ఏం లేకుంటెట్ల?"

"వద్దంటే మంచిదే కదన్నా" అంది అక్కడున్న అమ్మాయి. నా మొఖం చూడలేదు.

వార్డుకు పోయి సిస్టరును అడిగాను, ఈయన పక్క మంచం మీద ఎవరుండిరని. ఒక ముసలామె అని చెప్పింది. కొడుకు, కోడలు నిన్ననే తీసుకుపోయారు. ఏ ఊరంటే, ఆదిలాబాద్ లోపలి దిక్కు కావచ్చు అంది. కాక సామాను ఏదని అడిగితే అరలన్నీ వెతికింది. లేదు. అంగిలో ఉండాల్సిన రెండు తాళంచెవులూ లేవు. పక్క మంచం ఆయనది ఒకటి, తన ఇంటిది ఒకటి.

అప్పుడు మాకు జరిగినట్టే జరిగింది. ఆ కొడుకు ఇంటికి పోయి మూట విప్పి ఉంటాడు. బిల్లు చదివే మనిషి ఎవరైనా పక్కన ఉన్నాడో లేడో.

కాకను ఇంటికి తెచ్చేసరికి తలుపుకు తాళం ఉంది. పగలగొడదామన్నారు. నేను వద్దన్నాను. గడ్డపారతో దర్వాజకున్న కొండిని ఊడబెరికి తలుపు తీశాం. తాళం అట్లాగే వేసి ఉంది. నిప్పు నేనే పట్టాను. పదకొండోనాడు అన్నీ అయ్యాక, కొండిని పాత చోటనే దిగగొట్టించాను. మళ్ళీ అదే తాళం, అదే తలుపు. మా దగ్గర దానికి చెవి లేదు. నవ్వేవాళ్ళు నవ్వారు, మంగలాయన తప్ప.

ఈ పెత్రమాసకు చాటలో ఎన్ని కుప్పలు పోయాలో నాకు తెలుసు. నేను పోసే చాటలో కాకకు ఆయన పేరే ఉంటుంది. ఇంకెక్కడో, నేను చూడని ఒక ఇంట్లో, ఆయనను ఏ పేరుతో పిలుస్తారో తెలియదు. అసలు పిలుస్తారో లేదో కూడా తెలియదు.

పొలం పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఆ తలుపు చూడడం అలవాటైంది. చెవి పెట్టే బొక్క మీద తాళానికి చిన్న రేకు మూత ఉంటుంది. కాక పోయే ముందు దాన్ని బొటనవేలితో కిందికి దించి పోయేవాడు, వాన నీళ్ళు పోకుండా. నేను కొండి దిగగొట్టించిన నాడు కూడా అది దించే ఉంది. మొన్న మధ్యాహ్నం పొలం నుంచి వస్తూ చూస్తే, ఎవరో తాళంచెవి పెట్టి చూసినట్టు మూత పక్కకు జరిగి ఉంది. వాకిట్లో ఎవరూ లేరు. గాలికి కావచ్చు.

నేను దాన్ని మళ్ళీ దించలేదు.