చింతగింజల దీవులు

నా చిన్నప్పుడు మా వీధిలో పొద్దున్నే గంజి వాసన వచ్చిందంటే, ఆ రోజు ఎవరో పడుగు సాగదీస్తున్నారని అర్థం. కమలాపురానికి కూతవేటు దూరంలో డజను మగ్గాల వీధి మాది. మగ్గమెక్కే ముందు నూలు పోగులను వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వి ఆరబెట్టేవారు. ఎండ ముదరకముందే పని ముగియాలి. ఆలస్యమైతే గంజి బిగిసిపోయి, పోగులు ఒకదానికొకటి అతుక్కుని, నూలంతా పాడవుతుంది. ఒక ఇంటివాళ్ళ చేతులు దానికి చాలవు. అందుకే ఎవరి పడుగైనా సరే, ఇంటికొకరు వచ్చి కుంచె పట్టడం మా వీధి కట్టుబాటు. ఎవరూ ఎవరినీ పిలిచేవారు కాదు, వాసన తగిలితే లేచి వెళ్ళడమే.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక నూలుకు కంట్రోలు వచ్చింది. కార్డు మీద ఇచ్చే నూలు నెలలో పది రోజుల నేతకు కూడా సరిపోయేది కాదు. యుద్ధం ముగిసినా కంట్రోలు ముగియలేదు. అప్పుడు మా నాయన, వీధిలో మరికొందరు కలిసి దొడ్డిదారిన కొంత నూలు తెప్పించి, మా పెరట్లో ఖాళీగా ఉన్న జొన్నపాతరలో దాచారు. నేలలో తవ్విన ఆ గొయ్యి మీద బండ మూసి, బండ మీద పిడకలు పేర్చారు. పేర్చింది నేనూ, మా నాయన తల్లి జేజీ. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఇంత పెద్ద రహస్యం నా చేతుల మీద దాగిందని కడుపు ఉబ్బిపోయేది.

ఒకరోజు దొంగ నూలు పట్టుకునే కంట్రోలు సారు వచ్చి, వీధి కొసన మూలింటి మామ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. పిల్లల్లేని ఆ ఇంటి అరుగు వీధిలోని పిల్లలందరికీ ఆటస్థలం. నేను అక్కడే చింతగింజలతో అచ్చనగాయలు ఆడుకుంటున్నాను. సారు నా చేతిలో పటికబెల్లం పెట్టి, మీ పాతరలో జొన్నలు నిండుగా ఉన్నాయా పాపా అని అడిగాడు. ఇంత తెలివితక్కువవాడు సారెలా అయ్యాడా అనుకుని నేను, "జొన్నలు యాడివి సార్, మా పాతర నిండా నూలే ఉండాది" అన్నాను.

నూలంతా ఎద్దులబండి ఎక్కి వెళ్ళిపోయింది. నా నోట్లో పటికబెల్లం ఇంకా పూర్తిగా కరగలేదు.

సారు కూర్చున్నది మూలింట్లో కాబట్టి, చెప్పింది మూలింటి మామేనని వీధి తేల్చేసింది. పోట్లాట లేదు, పంచాయితీ లేదు. ఆ ఇంటికి వెళ్ళడం మానేశారు, అంతే. పొయ్యిలోకి నిప్పు అడగరు, నీళ్ళ దగ్గర పలకరించరు. పిల్లల్ని ఆ అరుగు ఎక్కనివ్వరు. నేను నోరు మెదపలేదు. మా నాయన చెయ్యి ఎంత బరువో నాకు బాగా తెలుసు మరి. ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా, అరుగు మీద కూర్చున్న మామ నన్ను చూసి కొంచెం పక్కకు జరిగి నాకు చోటు చేసేవాడు. నేను తల తిప్పుకుని పరిగెత్తేదాన్ని.

ఆ రోజుల్లోనే మా చిన్నాయన ఇల్లు చేరాడు. మగ్గాలు పడుకున్న కాలంలో పట్టాళంలో చేరి, జపాను వాళ్ళకు బందీగా చిక్కి, మూడేళ్ళకు పైగా ఉత్తరం ముక్క లేకుండా పోయిన మనిషి. మా నాయన తమ్ముడంటే నమ్మలేనంతగా ఎండిపోయి వచ్చాడు. కర్ర లేనిదే నడవలేడు. విస్తట్లోంచి మెతుకు జారి పడితే ఏరుకుని తినేవాడు. అది చూసి జేజి కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయేది.

మధ్యాహ్నాలు నేను రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతుంటే, ఆయన నా చింతగింజలు నేల మీద పరిచి, ఇవన్నీ సముద్రంలో దీవులు అనేవాడు. కొన్ని మా ఊరి పొలిమేరంత కూడా ఉండవట. వాటి కోసం అమెరికా వాళ్ళూ జపాను వాళ్ళూ వేలకు వేలు చచ్చారట. చిన్నాయనను బందీగా ఉంచిన దీవికి పక్క దీవిలో రెండు నెలలకు పైగా ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి. అక్కడ నేలంతా పలుగుకు లొంగని రాయి, తాగడానికి నీళ్ళు లేవు. జపాను వాళ్ళు కొండ గుహల్లో కూర్చుని కదలలేదు. అమెరికా వాళ్ళు పడవల్లో వచ్చి దిగి, ఆ గుహల్లోకి గొట్టాలతో నిప్పు చిమ్మారు. ఈ సంగతులన్నీ తరువాత ఓడ మీద ఎవరో చెబితే తెలిశాయన్నాడు.

ఇక తమ వంతు అనుకుని, చిన్నాయన ఉన్న దీవిలో జపాను సైనికులు బందీల చేత ఒడ్డు పొడవునా కందకాలు తవ్వించారు. తుపాకులు సిద్ధం చేసుకుని ఎదురుచూశారు. అమెరికా వాళ్ళు రాలేదు. ఇక్కడికి రాగానే చిన్నాయన వేలు ఆ ఒక్క గింజను వదిలేసి అవతలి గింజ మీదికి గెంతేది. వాళ్ళకు ఆ దీవితో అక్కర లేదు. దానికి ఓడలు చేరకుండా చేస్తే చాలు. బియ్యం ఆగిపోయింది, మందులు ఆగిపోయాయి. గెనుసుగడ్డలు, వాటి ఆకులు, చివరకు బల్లులు తిని బతికారు. తుపాకీ మడమతో చిన్నాయన వీపు పగలగొట్టిన కాపలావాడే, ఒకరోజు తాను తవ్విన గడ్డను రెండు ముక్కలు చేసి ఒకటి ఆయన చేతిలో పెట్టాడట. తరువాత వారానికి, సముద్రం వైపు చూస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట.

"కొట్టేదానికి వచ్చినా బాగుండు అనిపిచ్చిందమ్మా" అన్నాడు చిన్నాయన. "ఎవురూ రాకపోవడముండాదే, అది శానా పాడుది."

ఆ దీవిలోవాళ్ళు ఏం తప్పు చేశారని వదిలేశారు చిన్నాయనా అని మూడు రోజులు వరుసగా అడిగాను. అడిగిందే అడుగుతానేమిటని ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను కండె వైపు తల వంచుకున్నాను.

నాలుగో రోజు పొద్దున మూలింటి వైపు నుంచి గంజి వాసన వచ్చింది. మూడు నెలలకు మామకు ఒక పడుగుకు సరిపడా కార్డు నూలు దొరికింది. అది నేస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మామా అత్తా ఇద్దరే వీధి నడుమ పడుగు సాగదీశారు. ఈ చివర బిగిస్తే ఆ చివర జారుతోంది. అత్త కుంచె పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు పరిగెత్తుతోంది. ఒక్క గడపా కదలలేదు. మా నాయన అరుగు మీద కూర్చుని, మగ్గంలో అడ్డపోగు నడిపే నాడెను, దానికి ఏ రోగమూ లేకపోయినా, తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఎండ గోడల మీద నుంచి వీధిలోకి దిగుతోంది.

చిన్నాయన కర్ర అందుకుని లేచాడు.

"యాడికి పోతాండావురా? మన నూలు పట్టిచ్చినోళ్ళు వాళ్ళు" అని జేజి అడ్డం వచ్చింది.

"నేను ఆ దీవిలో ఉండి వచ్చినోణ్ణి, అమ్మా" అని ఆయన వీధిలోకి దిగాడు. కుంచె పట్టుకోబోతే పట్టు చాలక జారిపోయింది. వంగి తీసుకున్నాడు, మళ్ళీ జారింది. నాకిక ఆగలేదు. వీధి నడిమికి పరిగెత్తి, "సారుకు చెప్పింది మామ కాదు, నేను! పటికబెల్లం ఇచ్చినాడు, చెప్పినా!" అని గొంతు చించుకుని అరిచాను.

మా నాయన అరుగు దిగాడు. నా వీపు చిట్లిపోతుందని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మామ పోగుల మీద నుంచి చూపు కూడా తిప్పలేదు. "అదంతా ఇప్పుడెందుకులేమ్మా, ఆ పోగు తెగేట్టుంది, పట్టుకో" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ రోజు సారు నన్ను అడిగినప్పుడు మామ నా పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో చిక్కు నూలు విప్పుతూ కూర్చున్నాడు. నేనన్న ప్రతి మాటా విన్నాడు. నాయనకూ అది తట్టినట్టుంది.

"తెలిసి కూడా ఎందుకు నోరు మెదపల్యా బావా?" అన్నాడు.

"చెప్పింటే బిడ్డ తోలు తీసిందువు. ఈదంతా దాన్ని మాటలతోనే చంపిందురు. నేను పెద్దోణ్ణి, ఓర్చుకుంటా."

నాయన చిన్నాయన చేతిలోంచి కుంచె తీసుకున్నాడు. ఒక తలుపు తెరుచుకుంది, తరువాత ఇంకొకటి. కానీ అప్పటికే ఎండ ముదిరింది. సగం పడుగే దక్కింది. మిగతా సగం గట్టిపడిపోతే కోసి పారేశారు. చీరలు కావాల్సిన నూలు తువ్వాళ్ళయింది. ఆ నష్టం నా వల్లే. ఎవరూ ఎత్తిచూపలేదు గానీ, నేను మరచిపోలేదు.

చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది, మామా పోయాడు. ఆ వీధిలో ఇప్పుడు ఒక్క మగ్గం కూడా లేదు. పటికబెల్లం నేను నేటికీ నోట పెట్టను. మామను తలచుకుంటే మాత్రం, నేను చేసిన తప్పుకంటే ఆయన ముఖమే ముందు కళ్ళలో మెదులుతుంది. నా పాపమంతా నెత్తిన మోస్తూ కూడా, నన్ను చూసిన ప్రతిసారీ ఆయన చోటు చేసి పిలిచాడు. ఇప్పుడు సాయంత్రాలు ఒంటరిగా మా ఇంటి మెట్ల మీద కూర్చుంటాను. గేటు ముందు నుంచి ఎవరైనా తల తిప్పుకుని వెళ్ళిపోతుంటే, నాకు తెలియకుండానే కొంచెం పక్కకు జరుగుతాను.