టీలో ముంచిన తాతమ్మ

కొత్త వస్తువు కంటపడితే మావయ్య చేతులు ఊరుకునేవి కావు. సాయంత్రానికల్లా దాన్ని వందేళ్ల పాతది చేసి పెట్టేవాడు.

సినిమాలకు పాతకాలపు ఇళ్లు తయారుచేయడం ఆయన ఉద్యోగం. నిన్న కొన్న కుర్చీని ఉప్పుకాగితంతో రుద్ది, టీ డికాక్షన్ పూసి, నాలుగు దెబ్బలు వేస్తే, రాజుగారు ఇప్పుడే లేచి వెళ్లిన కుర్చీ అయిపోయేది. స్టూడియోతో ఆగితే బాగానే ఉండేది.

“నా కొత్త కర్టెన్లేవి?” అని అత్తయ్య కేకలు.

“అవే. కాస్త వయసొచ్చింది.”

“పొద్దున్నే కదండీ కొన్నాను!”

“అందుకే మరీ పసితనంగా ఉంటేనూ...”

చుట్టాలు చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. అత్తయ్య టీపొడిని బీరువాలో పెట్టి తాళం వేసేది.

ఆ ఇంట్లో నిజంగా పాతది గోడ మీది తన తాతమ్మ ఫోటో ఒక్కటేనని అక్కడ పెరుగుతున్న అమ్మాయి నమ్మకం. అమ్మానాన్నలు వరదలో పోతే, నాన్న స్నేహితుడైన మావయ్య ఆమెను తెచ్చి పెంచుకున్నాడు. తనవాళ్లంటూ మిగిలింది ఆ ఫోటోలోని మనిషే. పరీక్షకు వెళ్తూ ఆవిడకు చెప్పి వెళ్లేది. “ఈ ముక్కు మా తాతమ్మది” అని వచ్చినవాళ్లందరికీ చూపించేది.

ఇంతలో మావయ్య పనిచేసిన దయ్యాల సినిమా వచ్చింది. పాడుబడ్డ బంగళా, ఒక వంశం కప్పిపెట్టిన గతం, గోడలోంచి ఏడుపు. కథానాయిక సుత్తితో గోడ పగలగొట్టింది. లోపల దుమ్ములో ఒక ఫోటో! హాలంతా కెవ్వుమంది. అందరికంటే గట్టిగా అమ్మాయి అరిచింది.

“మా తాతమ్మ!”

ముందు వరుసలో పెద్దాయన వణుకుతూ వెనక్కి తిరిగాడు. “అయితే ఇది మీ ఇంటి కథేనా తల్లీ?”

మావయ్య అప్పటికే సీటు కిందికి జారిపోయాడు.

ఇంటికొచ్చాక అమ్మాయి నిలదీసింది. “ఎవరావిడ?”

“స్టూడియోలో బట్టలు కుట్టేది. బంగారంలాంటి మనిషి.”

“మరి నా ముక్కు?”

“ఆ ముక్కు కోసం ఎంతమంది మొహాలు చూశాననుకున్నావ్! చిన్నప్పుడు ‘నాది ఎవరి పోలిక?’ అని ఒకటే ఏడుపు. వరద ఒక్క ఫోటో కూడా మిగల్చలేదు. నాకు చేతనయింది చేశాను.”

“చేస్తే చేశావు, సినిమాలో ఎందుకు పెట్టావ్?”

“ఉన్నపళంగా బంగళాకో పెద్దావిడ కావాలన్నారు. మన తాతమ్మను మించిన మనిషి ఎవరున్నారే?”

అమ్మాయి లోపలికెళ్లి, తాము ముగ్గురూ కొత్తగా తీయించుకున్న ఫోటో పట్టుకొచ్చింది.

“అత్తయ్యా, బీరువా తాళం ఇవ్వు.”

“ఎందుకే?”

“దీన్ని తాతమ్మ పక్కన పెట్టాలి. మరీ పసితనంగా ఉంది.”

అత్తయ్య తాళం తీసిచ్చింది. “ముంచేముందు నాకో కప్పు పొయ్యండి” అంది.