బ్రేకు మీద పొత్రం

మా చిన్న లారీకి బ్రేకు లైట్లు సరిచూడాలంటే ఇద్దరు కావాలి. ఒకరు క్యాబిన్‌లో కూర్చుని బ్రేకు తొక్కాలి, ఇంకొకరు వెనక నిలబడి వెలిగిందో లేదో చెప్పాలి. తొక్కడం ఎప్పుడూ నా వంతు. "వెలిగింది" అనడం మా ఆయన వంతు.

చనిపోవడానికి ముందు నెలలో ఆయన బండి వెనక పైపట్టీకి ఎర్ర లైట్ల వరస ఒకటి కొత్తగా బిగించారు. కంపెనీ ఇచ్చినవి చాలవా అంటే, "అమీర్‌పేట ట్రాఫిక్‌లో అందరి కళ్ళూ నెత్తికెక్కి ఉంటాయి, అందుకే పైన పెడుతున్నా" అన్నారు. నేను తొక్కాను, ఆయన "వెలిగాయి" అన్నారు. నేనూ చూస్తానంటే, "నువ్వు దిగితే తొక్కేదెవరే?" అని నవ్వారు. చూడడం కాగానే బండిని ఎప్పటిలాగే వెనక్కి తెచ్చి గోడకానించి పెట్టేశారు, రోజూ అంతే. పొద్దున నేను వంటింట్లో ఉండగానే అది వెళ్ళిపోయేది. అలా ఆ లైట్లు వెలగడం నేను చూడనేలేదు.

ఇప్పుడు బండిని డ్రైవరు నడుపుతున్నాడు. హాస్టళ్ళ మంచాలూ పరుపులూ ఇక్కడి నుంచి ఎస్.ఆర్. నగర్‌కి, అక్కడి నుంచి ఇక్కడికి మోయడమే పని. మొన్న బాడీకి రంగు వేయించాక ఆ పై వరస వెలగడం మానేసింది.

"పైన లైట్లు వస్తలేవమ్మా. వైర్లు కోసేస్త. కిందియి ఉన్నయ్ గద, ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు.

"సాయంత్రం దాకా ఆగు," అన్నాను. ఆ వైర్లకి ఆయన చుట్టిన టేపును ఇంకొకరు కత్తిరించడానికి నాకు మనసొప్పలేదు.

ఆ రోజు ఆదివారం. సందు నిండా బ్యాగులు తగిలించుకున్న కోచింగు పిల్లలు. ఎవరిని పిలిచినా వచ్చి బ్రేకు తొక్కేవాళ్ళే. పిలవలేదు. "పాపం ఆంటీ" అనిపించుకోవాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. బండిని కాస్త ముందుకు జరిపి, వంటింట్లోంచి రుబ్బురోలు పొత్రం మోసుకొచ్చి బ్రేకు మీద కూర్చోబెట్టాను.

ఆయన టెస్టు ల్యాంపు, అంటే రెండు వైర్లున్న చిన్న బల్బు, తీసుకుని వెనక్కి వెళ్ళాను. ఒక కొస బండి ఇనుముకి తగిలించి, రెండోది లైట్ల వైరుకి ఆనించాను. వెలిగి వెంటనే ఆరిపోయింది. వైరంతా అంగుళం అంగుళం తడుముతూ నోటికొచ్చినట్టు తిట్టాను. విసిగిపోయి క్యాబిన్‌లోకి చూస్తే పొత్రం కిందికి దొర్లి హాయిగా పడుకుని ఉంది. దాన్ని మళ్ళీ బ్రేకు మీదికెక్కించి, దొర్లకుండా తువ్వాలు మడిచి ఒత్తు పెట్టాను.

ఈసారి ల్యాంపు నిలకడగా వెలిగింది. కరెంటు లైట్ల దాకా వస్తోంది, తిరిగి వెళ్ళడానికే దారి లేదు. కరెంటును బండి ఇనుములోకి తిరిగి పంపే ఎర్తు వైరు స్క్రూ కొత్త రంగు మీద బిగించి ఉంది. రంగు మీద ఎర్తు పట్టదని ఆయన గొణుక్కోవడం ఎన్నిసార్లు వినలేదు! కూరగాయల కత్తితో ఇనుము మెరిసేదాకా గీకి, మళ్ళీ బిగించాను.

అన్నీ వెలిగాయి. నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. వంకర! ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మెల్లగా కిందికి జారిన వరస. ఆరి ఉన్నప్పుడు నల్ల పట్టీ మీద నల్ల డబ్బాలు కాబట్టి ఎవరికీ తెలియదు. వాకిట్లో నా ముగ్గు గీత కాస్త పక్కకు పోతే చాలు, "ఏంటే, నీ ముగ్గు పంజాగుట్ట బయల్దేరిందా?" అని ఏడిపించిన మనిషి! నన్ను దిగనివ్వకపోవడం ఇందుకన్నమాట.

"మీ లైట్లే పంజాగుట్ట పోతున్నాయండీ!" అని క్యాబిన్ వైపు అరిచాను. అక్కడ పొత్రం ఉంది. దారిన పోయే పిల్లలిద్దరు ఆగి చూసి వెళ్ళిపోయారు. ఏడుపొచ్చింది. బండి పక్కనే నిలబడి ఏడ్చాను.

సాయంత్రం డ్రైవరు వచ్చి చూశాడు. "అరె, వచ్చినయే! లైన్ జర వంకరున్నదమ్మా, సీదా జెయ్యాల్నా?"

"దాని జోలికి వెళ్ళకు. ఆ పొత్రం తీసేసి, నువ్వెక్కి ఒకసారి తొక్కు," అన్నాను.

ఎక్కి తొక్కాడు. "వెలిగినయా అమ్మా?" అని లోపలి నుంచి కేకేశాడు.

ఆ బండి వెనక నిలబడి ఆ మాటకి జవాబు చెప్పింది ఎప్పుడూ ఆయనే.

"వెలిగాయి," అన్నాను.