ఎవరూ పొయ్యని ఆయిలు

మా తోడికోడలు శివపార్వతి ట్రాక్టరు తోలుతుంది. పిట్టలవానిపాలెం పక్కనే మా ఊరు. అక్కడ ధాన్యం ట్రక్కు తగిలించుకుని రేపల్లె మిల్లుకు పోయి, పొద్దుగూకే లోపు తిరిగి వస్తుంది. కుచ్చిళ్ళు ఎగదోపి, చీర మీద మొగుడి చొక్కా తొడుక్కుని సీటెక్కిన రోజున ఊళ్ళో నవ్వని వాడు లేడు. ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అని నేనూ దెప్పాను. నవ్విన నాపచేనే పండిందన్నట్టు, ఇప్పుడు కోతలొస్తే ముందు మా బస్తాలు వెయ్యమ్మా అంటూ వాళ్ళే ఆమె గుమ్మంలో నిలబడుతున్నారు.

ఆమె మొగుడు సుబ్బారావు నాకు మరిది. నిరుడు వానల్లో గుంటూరు ఆస్పత్రిలో ఊపిరందక పోయాడు. ఇడ్లీ కట్టించుకొద్దామని ఈమె కిందికి దిగింది, పైకి వచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఆ ఒక్క పూట గురించి ఆమె ఏడ్చినంతగా మిగతా జీవితమంతటి గురించీ ఏడవలేదు.

బతికినన్నాళ్ళూ సుబ్బారావుకు ఒక నియమం ఉండేది. కాఫీ నోట్లో పడకముందే బండి ఆయిలు చూడాలి. చల్లగా ఉన్న ఇంజనులోంచి గేజి అనే సన్నటి ఇనప బద్ద లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి, మళ్ళీ తీసి చూసేవాడు. తడి రెండు గీతల మధ్య ఉంటే సరే. కింది గీతకు దిగితే పోసేవాడు. "డీజిలు బండిలో ఆయిలు వారం తిరక్కుండానే నల్లబడుద్ది. నలుపుకి భయపడకు. వేళ్ళకి రాసి చూడు, జిడ్డుండాలి," అని పెళ్ళానికి పాఠం చెప్పేవాడు. అతను పోయాక ఆ పని ఈమెకు వచ్చింది. పూజ మానిన రోజు ఉందేమో గానీ గేజి చూడని రోజు లేదు.

సంక్రాంతి వెళ్ళిన కొత్తలో ఒక ఉదయం గేజి పట్టుకుని మా వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, బండిలో నువ్వేమన్నా ఆయిలు పోశావా?"

"నా పోపులోకే నూనె చాలక ఛస్తుంటే నీ బండికి పోస్తానా? ఏంటి సంగతి?"

"పై గీత దాటిందక్కా. నేను పొయ్యలేదు."

ఆయిలు తగ్గడం ఎరుగుదుం. దానంతటది పెరగడం ఎక్కడా వినలేదు. సరిగ్గా తుడిచి ఉండవులే అన్నాను. మర్నాడు ఇంకాస్త పెరిగింది. ఆ మర్నాడూ అంతే. ఇంకొకతె అయితే హడలిపోయేది. ఈమె ముఖం మాత్రం రోజురోజుకూ తేటపడింది. ఎన్నాళ్ళకో తలలో పూలు పెట్టుకుంది. అది చూశాక నాకే గుండెల్లో గుబులు మొదలైంది.

"ఆయనే అక్కా. రాత్రిళ్ళు వచ్చి పోసిపోతున్నారు," అంది ఒకరోజు, పక్కింటి వాళ్ళ కబురు చెప్పినంత మామూలుగా.

నాకు ఒళ్ళు మండింది. "ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టెయ్యమనే రకాన్ని కాదు నేను. నోరు మూసుకుని పనిచూసుకో," అన్నాను.

ఆమె తిరిగి తిట్టలేదు. గేజి తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. "ఎవరి వాసనో చెప్పు."

ఘాటైన డీజిలు వాసన. సుబ్బారావు ఇంటికొస్తుంటే అతని కంటే ముందు గడప దాటే వాసన. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో ఈ కంపుకి నాకు అన్నం సయించేది కాదు. ఇప్పుడు అదే వాసనకి రెండడుగులు వెనక్కి వేశాను. అతని చొక్కా ఒకటి ఉతక్కుండా దాచుకుందట. వానలకి అందులో వాసన పోయి, ముక్కిన కంపు మిగిలిందట. "చొక్కాలో పోయింది ఇందులో వచ్చిందక్కా," అంది.

ఆ తర్వాత బండి తీరు మారింది. పొగ ఎక్కువైంది. ఆపడానికి నాబు లాగినా కాసేపు దడదడా ఆడి గానీ ఆగడం లేదు. "ఆయనకి పోబుద్ధి కావట్లేదు," అనేది సీటు దిగుతూ. దెయ్యాలను నమ్మనని పొద్దున చెప్పిన నేను, దీపాలు పెట్టే వేళకి బండి పెట్టే పాక వైపు చూడటం మానేశాను.

చివరికి భయం భరించలేక బాపట్ల నుంచి మెకానిక్ ఆదామును పిలిపించాను. అతను గేజి తీసి, ఆయిలు వేళ్ళకి రాసి చూసి, పాత పేపరు మీద ఒక బొట్టు వేశాడు. నల్లటి మచ్చ చుట్టూ పల్చటి తడి గబగబా పాకింది.

"ఇది ఆయిలు కాదండి. డీజిలు పంపులో రబ్బరు పొర చిరిగి, డీజిలంతా ఇందులోకి దిగుతుంది. అందుకే పెరిగింది. ఇట్టాగే తోలితే ఇంజను తన ఆయిలు తనే తాగి ఎగదన్నుద్ది. నాబు లాగినా ఆగదు. పార్వతమ్మ గారు రోడ్డు మీదుంటే మనిషి దక్కదండి. ఇదంతా దించేసి కొత్తది పొయ్యాలి."

శివపార్వతి గుమ్మంలో నిలబడి మొత్తం విన్నది.

"ఎవరు పిలిచారు నిన్ను? దించేస్తే ఆయన్ని మళ్ళీ పంపించేసినట్టు కాదా?" అంటూ వచ్చి సీటెక్కింది. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించి బండి స్టార్టు చేసింది.

ఇంజను ఒక్కసారిగా రంకె వేసింది. ఆమె కాలు తీసేసినా శబ్దం పెరుగుతూనే పోయింది. నాబు లాగింది, మళ్ళీ లాగింది. ఆగలేదు. తెల్లటి పొగ దొడ్డంతా కమ్మేసి గేదె పలుపు తెంపుకుంది. ఇంజను పేలుద్దని అరుస్తూ, ఆదాము ఇంజను గాలి పీల్చే గొట్టం మీది గిన్నె ఊడబీకి, మూతి మూసెయ్యడానికి గోనెసంచి మడిచి తెచ్చాడు. అంతలో ఆమె కిందికి దూకి ఆ సంచి లాక్కుంది.

"నువ్వు ముట్టుకోకు. నేను చూసుకుంటా."

గొట్టం మూతి మీద సంచి వేసి, రెండు చేతులతో, ఛాతీతో అదిమిపట్టింది. ఇంజను గాలి కోసం ఆ సంచిని లోపలికి పీల్చుకుంది. కొట్టుకుంది. ఆమె వదల్లేదు. కొట్టుకుని కొట్టుకుని, ఒక పెద్ద ఎక్కిలి తీసి ఆగిపోయింది.

పొగ తేలిపోయాక కూడా ఆమె ఆ సంచి మీదే చెంప ఆన్చి ఉంది. వేళ్ళు నేనే విడదీశాను.

"నేనే ఆపేశానక్కా," అంది.

ఆమెను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. బండికి చెయ్యాల్సింది ఆదాము చేశాడు. దించిన ఆయిలు నీళ్ళలా జారింది. పొర మార్చి, కొత్త ఆయిలు పై గీత దాకా పోసి వెళ్ళాడు.

మర్నాడు తెల్లవారగానే నేను పాకలోకి వెళ్ళాను. శివపార్వతి అప్పటికే గేజి తీసి చూస్తోంది. తుడిచి, దించి, మళ్ళీ తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఎక్కడుంది?" అన్నాను.

"నిన్న పోసిన చోటే."

"మంచిదేగా పార్వతీ."

ఆమె గేజిని మెల్లగా లోపలికి దించింది.

"బండికి మంచిదే అక్కా."