అప్పగింతల టేపు

వజ్రమ్మ నా స్టూడియో మెట్లెక్కింది ఏడుస్తూ కాదు, పళ్లు కొరుకుతూ. ఆమె ఇంట్లోనే చీరలకు రాళ్లంటించేది, మొగుడు సాంబయ్య సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. రెండో విడత కరోనాలో అతను పోయాడు. వలస వచ్చిన మా తెలుగువాళ్లుండే పర్వత్ పాటియాలో వాళ్లిద్దరూ కాపురమున్న గదికి బావ బుచ్చిరాములు తాళం వేశాడు. "నువ్వు మా తమ్ముని పెండ్లానివే కాదు. మేం ఒప్పుకోని పెండ్లి పెండ్లెట్లయితది?" అన్నాడట.

ఆ పెళ్లికి వీడియో తీసింది నేనే. కుల సంఘం పెద్దల ముందు ఆ మాటే చెబితే బుచ్చిరాములు నవ్వాడు.

"ఈ కమలాకర్‌కు ఛాయ్ పోస్తే ఏదైనా జెప్తడు. వీడియో ఉంటే సూపియ్యమను!"

నా ఒళ్లు మండిపోయింది. ఉండరా, నీ సంగతి చెప్తా అనుకున్నాను. పెద్దలు ఆదివారం దాకా గడువిచ్చారు.

పెళ్లి ఆల్బమ్ వరదల్లో పోయింది గానీ నేను తీసిన వీడియో ఉన్న చిన్న టేపు వజ్రమ్మ పెట్టెలో మిగిలింది. ఈ రోజుల్లో అదెక్కడా ఆడదని బుచ్చిరాములు ధీమా. నిజంగానే నా పాత కెమెరా వైరుకు కొత్త కంప్యూటర్‌లో చోటు లేదు. టేపులోని బొమ్మను కంప్యూటర్‌కు ఎక్కించే డబ్బా ఒకటి కొనుక్కొచ్చి మధ్యలో తగిలించాను. బొమ్మ వచ్చింది, కానీ తెలుపు నలుపుల్లో గిర్రున పైకి దొర్లిపోతోంది.

"గిదేందన్నా, మనుషులు గట్ల కొట్టుకపోతున్రు?" వజ్రమ్మ తెరమీదికి వంగింది.

"జర ఆగు చెల్లె," అని వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాను. ఎంతసేపు తిప్పలు పడ్డాకో నా బుర్రలో వెలిగింది. ఆ కెమెరా ముంబయిలో చవగ్గా కొన్న విదేశీ సరుకు. అమెరికా పద్ధతిలో తీసిన టేపును కంప్యూటర్ మన పద్ధతిలో చదువుతోంది. నా బుద్ధి మండా! సెట్టింగు మార్చగానే బొమ్మ రంగుల్లో నిలబడింది.

ఆదివారం మాస్కులు కట్టుకున్న పెద్దల ముందు వీడియో పెట్టాను. అప్పగింతలు వచ్చాయి. వజ్రమ్మ తండ్రి కూతురి చేతులు పాలలో ముంచి మగపెళ్లివారి పెద్ద చేతుల్లో పెట్టాడు. తండ్రి లేని సాంబయ్యకు ఆ పెద్ద ఎవరు? బుచ్చిరాములే! పాలు కారుతున్న చేతులు పట్టుకుని, "ఇయ్యాల్టి సంది ఇది మా ఇంటి బిడ్డ," అంటున్నాడు.

బుచ్చిరాములు మాస్కు కళ్లదాకా లాక్కున్నాడు.

"మల్ల పెట్టన్నా," అంది వజ్రమ్మ. పెట్టాను. "మల్ల." నాకూ కసి తీరలేదు, సౌండు పెంచి మరీ పెట్టాను.

"సాలు బిడ్డా, గిదో తాళంచెవి," అని బుచ్చిరాములు చేతులు జోడించాడు.

ఆమె తాళంచెవి లాక్కుని నావైపు తిరిగింది. "గిది సంఘం గ్రూపుల అందరికి పంపన్నా. ఆనెంక వీని గొంతు కొయ్యి," అని ఒక్క క్షణం ఆగి, "వీడియోల," అంది. "మొఖం గూడ తియ్యి. నా పెండ్లిల వీడు ఉండొద్దు."

"వీణ్ని తీసేస్తే అప్పగింతలే ఉండవు గదా చెల్లె?"

"ఉండకపోతేంది! నన్నెవ్వరు ఎవ్వనికి అప్పజెప్పలేదు. తియ్యి."