బిళ్ళలో మిగిలిన సగం

మా వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా ఆస్పత్రికంటే ముందు మా గుమ్మం ఎక్కుతారు. పెళ్ళికి ముందు గాజువాకలో ఒక మందుల షాపులో మూడేళ్ళు పనిచేశాను. నా వైద్యమంతా ఆ మూడేళ్ళదే. పాత బిస్కెట్ల డబ్బాలో బిళ్ళలు పెట్టుకుని ఒకరికి ఒకటి, ఇంకొకరికి సగం అని పంచుతుంటాను. నూరుగురిని చంపితే గాని వైద్యుడు కాడంట, నీకింకా ఎంతమంది తక్కువయ్యారు అని మా ఆయన వెక్కిరించేవాడు. నాకు ఒళ్ళు మండేది. నన్ను అడక్కుండా ఆ డబ్బా ముట్టుకుంటే ఊరుకునేదాన్ని కాదు. ఒకసారి తలనొప్పికి తనంతట తానే బిళ్ళ తీసుకున్నాడని రెండు రోజులు సాధించాను.

మా ఇంటికి పిల్లిని తెచ్చింది ఆయనే. స్టీల్ ప్లాంటు బైకుల స్టాండులో దొరికిందని టిఫిన్ సంచీలో పెట్టుకుని వచ్చాడు. అప్పటికి అది నా అరచేతిలో పట్టేటంత ఉంది. ఇంట్లోకి వద్దంటే వద్దన్నాను. వారం తిరక్కుండానే దానికి పాలు నేనే చల్లార్చి పోసేదాన్ని. నాలుగేళ్ళు నా కాళ్ళ దగ్గరే పడుకుంది.

ఒకరోజు అది తిండి ముట్టలేదు. చెవులు పట్టుకుంటే వేడిగా ఉన్నాయి. మర్నాడు ఆయనకి పొద్దుటి షిఫ్టు, నేను లేచేసరికే వెళ్ళిపోయాడు. తొమ్మిదింటికి నేను డబ్బా తీశాను. జ్వరం బిళ్ళల అట్టలో బిళ్ళ ఉండే ఒక అర అప్పటికే చిరిగి ఉంది, అందులో సగం బిళ్ళ ఉంది. సగాలు మిగల్చడం నాకు అలవాటే కాబట్టి, విరిచే పని తప్పిందనుకున్నానే గానీ మిగతా సగం ఎటు పోయిందని ఆలోచించలేదు. చెంచాలో నూరి, మజ్జిగలో కలిపి, దాని నోరు తెరిచి పోసేశాను.

పదకొండయ్యేసరికి దాని మొహం వాచిపోయింది. నోట్లోంచి చొంగ కారుతోంది. పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. కూరగాయల బుట్టలో తువ్వాలు వేసి, దాన్ని పడుకోబెట్టి, ఆటో ఎక్కాను. దారిలో కంటైనర్ లారీల మధ్య ఇరుక్కుపోయాం. ఆటో అతన్ని నానా మాటలూ అన్నాను, పాపం అతనేం చేస్తాడు. మా ఆయనకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. డ్యూటీలో ఫోన్ లాకర్లో పెట్టేస్తారు.

పశువుల ఆస్పత్రిలో నాకు ముందు ఆరు టోకెన్లు ఉన్నాయి. ఒకావిడ పెద్ద కుక్కని టీకాకి తెచ్చింది. ఏమైందని ఆవిడ అడిగితే జ్వరమని చెప్పి, మందుల షాపులో పనిచేశాను కాబట్టి జ్వరమో కాదో పట్టుకుంటే నాకు తెలుస్తుందని కూడా అన్నాను. అంత కంగారులోనూ గొప్పలు చెప్పుకునే బుద్ధి పోలేదు నాకు. ఆవిడే జాలిపడి తన ముందు వాళ్ళందరినీ ఒప్పించి నన్ను లోపలికి పంపి, తనూ వెంట వచ్చి గుమ్మంలో నిలబడింది.

డాక్టరు చిన్న పిల్ల, నాకు కూతురయ్యే వయసు. పిల్లి చిగుళ్ళు చూసి, ఇంట్లో ఏదైనా మందు వేశారా అని అడిగింది. లేదన్నాను. గుమ్మంలో ఆ కుక్కావిడ వింటోంది మరి. ఆ ఒక్క కారణానికి, చచ్చిపోతున్న జీవి ముందు నిలబడి, లేదన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ అమ్మాయి పిల్లి కాలి దగ్గర జుట్టు గొరిగి రక్తం తీసింది. అది ఎర్రగా లేదు. కాఫీ డికాషన్ రంగులో ఉంది.

"ఇది చూడండమ్మా. జ్వరానికి రక్తం ఈ రంగుకి మారదు. మీరు నిజం చెప్తేనే నేనేమైనా చెయ్యగలను."

"సగం బిళ్ళ ఏసేను మేడం. మనుషులేసుకునే జ్వరం బిళ్ళే," అన్నాను.

ఆమె తిట్టలేదు. ఆ బిళ్ళ పిల్లుల ఒంటికి విషమనీ, రక్తం గాలిని మోయలేకపోతుందనీ, విరుగుడు ఉంది కానీ ఎంత మింగిందో, ఎప్పుడు మింగిందో తెలియాలనీ చెప్పింది. తొమ్మిదింటికి, సగం అన్నాను. సగమే కదా, ఖాయమేనా అని రెండోసారి అడిగింది. నా చేత్తో నేనే పోశాను, ఖాయమన్నాను.

కాలు కాలిన పిల్లిలా తిరగడం అంటారు. పిల్లేమో లోపల కదలకుండా పడుకుంది, తిరిగింది నేను. బెంచీ దగ్గర్నుంచి కిటికీ దాకా, కిటికీ దగ్గర్నుంచి ఆ తలుపు దాకా. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు, నిలబడితే నడుం ఊరుకోదు. టోకెన్ కాగితం చేతిలో నలిగి పీలికలైపోయింది. ఎవరి కుక్కో మొరిగిందని వాళ్ళ మీద విరుచుకుపడి, వెంటనే క్షమించమన్నాను. డాక్టరు రెండుసార్లు బయటికి వచ్చింది. తొమ్మిదింటికి సగం బిళ్ళే అయితే ఇంత తొందరగా ఇంతగా ముదరకూడదే అని రెండుసార్లూ అదే మాట అంది. ఆ మాట విన్నాక ఇక కూర్చోవడం నా వల్ల కాలేదు.

షిఫ్టు దిగాక నా ఫోన్ చూసుకుని, ఎక్కడున్నానో కనుక్కుని, మూడింటికి మా ఆయన వచ్చాడు. ప్లాంటు యూనిఫాం మీదే ఉన్నాడు, హెల్మెట్ చేతిలో ఉంది. ఎవరో చెప్పేకంటే నేనే చెప్పడం నయమని ఒక్క గుక్కలో చెప్పేశాను. సగం బిళ్ళ వేశాను, డాక్టరుకి మొదట అబద్ధం చెప్పాను, ఎంత తిడతావో తిట్టు అన్నాను. ఆయన తిట్టలేదు. నా మొహం కూడా చూడకుండా డాక్టరు గది తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"మేడం, నానూ ఓ సగం ఏసేను. తెల్లారగట్ల, డూటీకెళ్ళే ముందు."

డాక్టరు గోడ గడియారం చూసింది. ముందే తెలిస్తే అని మొదలుపెట్టి ఆపేసింది. మందు పెంచారు, మూతికి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. మమ్మల్ని బయటికి పొమ్మన్నారు.

బయట ఆయన చొక్కా పట్టుకుని, ఒక్క ముక్క నాకెందుకు చెప్పలేదని అడిగాను. లేపి చెప్పొచ్చు, చీటీ రాసి పెట్టొచ్చు, ఫోన్‌లో ఒక మెసేజ్ పెట్టొచ్చు.

ఆయన హెల్మెట్ పట్టీ తిప్పుతూ నిలబడ్డాడు.

"నీ డబ్బా ముట్టుకున్నానని తిడతావని," అన్నాడు.

చొక్కా వదిలేశాను.

మర్నాడు పొద్దున్న, రాత్రే పిల్లి పోయిందని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. అదే బుట్టలో ఇంటికి తెచ్చుకున్నాం. బుట్ట నా చేతికి ఇవ్వలేదు, దారంతా ఆయనే ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇరవై రోజుల తర్వాత పక్కింటావిడ వచ్చింది, అత్తగారికి జ్వరం, బిళ్ళ ఇమ్మని. డబ్బా తీశాను. ఆ అట్ట ఇంకా అందులోనే ఉంది, ఒక అర ఖాళీగా.

"మీ ఇంట్లో ఇంకెవులైనా ఏసేరా?" అని అడిగాను.

తెలీదంది. ఎవరికైనా జ్వరమొస్తే తలా ఒకటి వేస్తూనే ఉంటారని నవ్వింది. డబ్బా మూత పెట్టేసి, ఇంటికెళ్ళి ఒక్కొక్కరినీ అడిగి రమ్మన్నాను. పడుకున్నవాళ్ళని లేపైనా అడగమన్నాను. ఎవరినీ తిట్టకుండా అడగమని గుమ్మం దాకా వెళ్ళి మరీ చెప్పాను.